విరుదునగరపు తీర్పు

ఓటడుగ వచ్చిన అభ్యర్థియందు జనులు చూచునది అతని వ్యక్తిత్వమునా, చేసిన పనినా? పౌరశాస్త్ర పాఠములో దీనికి సులభమగు జవాబు కలదు. విరుదునగరములో మాత్రము దొరకదు.

కామరాజు 1954 మొదలు 1963 వరకు అప్పటి మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండెను. పల్లెలలో బడులు తెరిపించి, పేదపిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టించెను. ఆ బడులలో మన తెలుగిండ్ల పిల్లలును చదివిరి. ఆయన నిరాడంబరత్వము ప్రసిద్ధము. అయినను 1967లో, పుట్టిన ఊరైన విరుదునగరముననే, శ్రీనివాసన్ అను విద్యార్థి నాయకుని చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయెను.

ఓటర్లు కృతఘ్నులని కొందరందురు. మేమట్లు తలపము. బియ్యపు కరవునాడు ఇల్లాలు తూచునది పదేండ్ల నాటి బడిని కాదు, ఆ పూట చేటలోని బియ్యమును. (ఇంట పెద్దలున్నచో ఆనాటి బియ్యపు కష్టములను అడిగి చూడుడు.) 1965 నాటి హిందీ వ్యతిరేకోద్యమమును యువకులు మరువలేదు. కామరాజు పదవి విడిచి అప్పటికి మూడేండ్లు దాటినది. పాలించుచున్నది వేరొకరు, లెక్క మాత్రము ఆయన ఖాతాలో పడినది.

వ్యక్తిమోహము లేకపోలేదు. అదే యెన్నికలో, తుపాకి గాయముతో ఆసుపత్రిలో నున్న నటుడు ఎం.జి. రామచంద్రన్, ప్రచారమునకు రాకయే పరంగిమలై నుండి గెలిచెను. కట్టుతో నున్న ఆయన బొమ్మయే ఊరూర ఓటడిగినది.

1969లో నాగర్‌కోయిల్ ఓటర్లు ఉపయెన్నికలో కామరాజును లోక్‌సభకు పంపిరి.