మడ అడవి ఖరీదు ఎంత? లెక్క కట్టడం నేర్చుకుందాం

తీరం పక్క ఊళ్లలో ఎకరం పొలం ధర ఎంతో ఎవరినడిగినా చెబుతారు. రొయ్యల చెరువుకు కౌలు ఎంత పలుకుతోందో టీకొట్టు దగ్గరే తెలిసిపోతుంది. అదే ఊరి చివర ఉప్పుటేరు ఒడ్డున ఉన్న మడ అడవి ఖరీదు ఎంత అని అడిగి చూడండి. "దానికి ఖరీదేమిటండీ, ఉత్త బురద నేల" అంటారు. ధర లేదు కాబట్టి విలువ లేదనుకుంటాం. చెరువులు తవ్వుకోవడానికి మొదట కంటపడేది ఆ నేలే. నష్టం వచ్చేది మాత్రం పక్కనున్న చిన్న రైతుకు. అందుకే సముద్రతీరపు సంపదకు విలువ కట్టే పద్ధతి రైతులకూ తెలిసుండాలి. ఇది పెద్ద చదువేమీ కాదు. సాగు ఖర్చు, రాబడి రాసుకునే ప్రతి రైతూ చేయగల లెక్కే.

ధర వేరు, విలువ వేరు

సంతలో అమ్మే వస్తువుకు ధర ఉంటుంది. మడ అడవి నుంచి దొరికే మండపీతలు, రొయ్యలు, చేపలు, పశువుల మేత, వంటచెరకు ఈ కోవలోకి వస్తాయి. సంతకు రాని మేలు ఇంకోటి ఉంది. నల్లమడ, తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల చెట్ల వేళ్ల నడుమ చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగి సముద్రంలోకి వెళతాయి. తుపాను వచ్చినప్పుడు ఆ చెట్లు అలల జోరును విరుస్తాయి, ఒడ్డు కోతను ఆపుతాయి. ఈ పనులకు ఎవరూ కూలి ఇవ్వరు. అందుకే లెక్కలో రాయరు. రాయకపోయినంత మాత్రాన ఆ మేలు లేకుండా పోదు.

2021 అటవీ నివేదిక ప్రకారం దేశంలో మడ అడవులు 4,992 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవి 405 చదరపు కిలోమీటర్లే. ఎక్కువ భాగం గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే చోట్లే. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం అందులోదే.

విలువ కట్టే నాలుగు దారులు

1. సంత ధర: అడవిలో దొరికిన సరుకును బజారు ధరతో లెక్కకట్టాలి. అయితే అమ్మిన మొత్తమంతా విలువ కాదు. వల, పడవ, డీజిలు, మనిషి కూలి తీసేయాలి. మిగిలిందే అడవి ఇచ్చినది.

2. దిగుబడిలో తేడా: ఉప్పునీరు ఊరడానికి ముందు ఎంత పండింది, తరువాత ఎంత పండింది? ఆ తేడాయే నష్టం. వరి విషయంలో శాస్త్రజ్ఞులు ఒక కొలత చెప్పారు. మట్టిలో ఉప్పు సాంద్రత, అంటే భూసార పరీక్ష కాగితంలో ఇ.సి. అని రాసేది, 3 దాటితే వరి దెబ్బతినడం మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక్కో యూనిట్‌కు దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుంది. ఇ.సి. 5కు చేరితే 24 శాతం పోయినట్టే. ఎకరానికి 30 బస్తాలు పండే చేలో 7 బస్తాలు పోతాయి.

3. తప్పిన నష్టం: అడవి ఉండటం వల్ల ఎంత నష్టం తప్పిందో చూడటం. దీనికి ఒడిశా అనుభవం మంచి పాఠం. 1999 అక్టోబరు 29న వచ్చిన పెను తుపాను తరువాత భితర్‌కనిక ప్రాంతంలో మూడు ఊళ్లను పోల్చి చూశారు. మడ అడవి చాటున ఉన్న ఊళ్లో ఒక్కో కుటుంబానికి సగటు నష్టం 33 డాలర్లు. అడవీ కరకట్టా రెండూ లేని ఊళ్లో 44 డాలర్లు. అడవి లేకుండా కరకట్ట మాత్రమే ఉన్న ఊళ్లో 154 డాలర్లు! కట్ట తెగితే లోపలికొచ్చిన ఉప్పునీరు వెనక్కి పోదు, అక్కడే నిలబడుతుంది. మూడు ఊళ్ల లెక్కే కాబట్టి ప్రతిచోటా ఇలాగే ఉంటుందని అనలేం. కానీ కరకట్ట ఉంది కదా, అడవి ఎందుకులే అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అదే తుపానుపై కేంద్రపడా జిల్లాలో మరింత పెద్ద ఎత్తున చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే అక్కడ చావులు అంత తక్కువని తేలింది. ముందుగా ఇచ్చిన తుపాను హెచ్చరిక అడవి కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా అదే చెప్పింది. అంటే హెచ్చరిక వినాలి, అడవినీ ఉంచుకోవాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసిన జిల్లాలకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

4. బదులు ఖర్చు: ప్రకృతి ఉచితంగా చేసే పనిని మనం డబ్బు పెట్టి చేయించుకుంటే ఎంత అవుతుంది? బావినీరు ఉప్పగా మారితే తాగునీరు కొనాలి. ఆ ఖర్చే పాత బావి విలువ. ఇక్కడొక జాగ్రత్త. నిజంగా పెట్టే ఖర్చునే రాయాలి. ఎవరూ కట్టని గోడ ఖర్చు రాసి లెక్క పెంచకూడదు. ఒకే మేలును రెండు పద్ధతుల్లో రెండుసార్లు కలపకూడదు.

థాయ్‌లాండ్ లెక్క చూడండి

థాయ్‌లాండ్‌లో మడను నరికి రొయ్యల చెరువులు విస్తారంగా తవ్వారు. అక్కడ హెక్టారుకు, అంటే సుమారు రెండున్నర ఎకరాలకు, 1996 నుంచి 2004 వరకు లాభనష్టాలను నేటి విలువకు తెచ్చి లెక్క కట్టారు. చెరువు యజమాని జేబులో పడిన లాభం 9,632 డాలర్లు. ఎంత బాగుందో కదా! కానీ అందులో 8,412 డాలర్లు ప్రభుత్వం రకరకాలుగా ఇచ్చిన రాయితీల వల్ల వచ్చినవి. అవి తీసేస్తే మిగిలింది 1,220 డాలర్లే. చెరువు పాడుబడ్డాక ఆ నేలలో మళ్లీ మడ పెంచాలంటే అయ్యే ఖర్చు 9,318 డాలర్లు.

ఇక అడవిని ఉన్నదున్నట్టు ఉంచితే? ఊరివాళ్లు తెచ్చుకునే సరుకు 584 డాలర్లు, చేపపిల్లల పెంపకం 987, తుపాను కాపుదల 10,821. మొత్తం 12,392 డాలర్లు. ఇందులో అన్నిటికంటే పెద్ద పద్దు తుపాను కాపుదలే. సంతలో ఎవరూ కొననిదీ అదే.

ఇందులో ఇంకో సంగతి ఉంది. 9,632 వచ్చింది ఒకరికి. 12,392 పోయింది ఊరందరికీ. విలువ కట్టేటప్పుడు ఎంత అన్నదొక్కటే కాదు, ఎవరికి వచ్చింది, ఎవరికి పోయింది అన్నదీ రాయాలి.

మన రాష్ట్రంలో

ఇలాంటి లెక్క మన కోర్టుల్లోనూ నడిచింది. రొయ్యల చెరువుల కేసులో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ సుప్రీంకోర్టుకు నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ చెరువుల వల్ల వచ్చే రాబడి కంటే పర్యావరణానికి, ప్రజలకు జరిగే నష్టం సుమారు నాలుగు రెట్లని, తమిళనాడులో ఒకటిన్నర రెట్లని అందులో లెక్క చూపింది. 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పులో కోర్టు, కాలుష్యం చేసినవారే నష్టం భరించాలన్న సూత్రాన్ని చెరువులకు వర్తింపజేసింది. తరువాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. చెరువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. మడ అడవులను, సాగు భూములను చెరువులుగా మార్చరాదని మార్గదర్శకాల్లో ఉంది.

రొయ్యల సాగు చెడ్డదని చెప్పడం లేదు. అనువైన నేలలో, మురుగునీరు శుద్ధి చేసి వదిలితే అదీ జీవనోపాధే. లెక్క పూర్తిగా రాయమనే మా సలహా.

మీ ఎకరం లెక్క మీరే కట్టండి

మీ చేను చెరువుకు కౌలుకు అడుగుతున్నారనుకుందాం. కింది అంకెలు మాటవరసకే. మీ ఊరి అంకెలు వేసుకోండి.

* కౌలు ఏడాదికి 40,000 రూపాయలు. 5 ఏళ్లకు 2,00,000.
* మీరే సాగు చేస్తే ఖర్చులు పోను ఏడాదికి 25,000. 5 ఏళ్లకు 1,25,000.
* పైకి కనిపించే లాభం 75,000.
* చెరువు తీసేశాక ఉప్పు విరగడానికి 2 ఏళ్లు పంట లేదనుకుంటే నష్టం 50,000.
* గట్లు చదును చేసి, మంచినీటితో మడి కడిగి, మురుగు తీసేందుకు 30,000.
* చివరికి మిగిలేది 5,000 రూపాయల నష్టం.

ఇది మీ ఒక్కరి పద్దు. పక్క చేను రైతుకు ఊట వల్ల ఎకరానికి 7 బస్తాలు పోతే, బస్తా 1,700 చొప్పున పంటకు 11,900 రూపాయలు. ఆయన మీ దగ్గర ఒక్క పైసా కౌలు తీసుకోలేదు. ఆయన చేను చెరువై మీది పక్కనుంటే ఆ నష్టం మీదే. రెండు వైపుల నుంచీ ఆలోచించండి.

ఇప్పుడే చేయవలసినవి

* చుట్టుపక్కల చెరువు తవ్వకముందే మీ చేలో మట్టి, బావినీరు పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. ముందు లెక్క లేకపోతే తరువాత జరిగిన నష్టాన్ని రుజువు చేయలేరు.
* ఏటా కోత అయ్యాక అదే చోట మట్టి తీసి మళ్లీ పరీక్ష చేయించండి. పక్కనే బస్తాల లెక్క రాయండి.
* కౌలు కాగితంలో భూమిని తిరిగి సాగుకు పనికొచ్చేలా చేసే ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాయించుకోండి.
* చెరువుకు రిజిస్ట్రేషన్ ఉందా, నీరు ఏ డ్రెయినులోకి వదులుతారు అని అడగండి. పంటకాలువలోకి ఉప్పునీరు వదలనివ్వకండి.
* ఊరి మడ అడవి మీద ఎన్ని కుటుంబాలు పీతలు, చేపలు పట్టి బతుకుతున్నాయో, ఏడాదికి ఎంత మిగులుతుందో నలుగురూ కూర్చుని రాయండి. ఆ కాగితం గ్రామసభలో పెట్టండి.

అడవికి విలువ కట్టడమంటే దాన్ని అమ్మకానికి పెట్టడం కాదు. ఎవరైనా దాన్ని ఉత్త బురద నేల అన్నప్పుడు మీ చేతిలో ఒక లెక్క ఉండాలి. సంతకం పెట్టమని కాగితం ముందుకొచ్చిన రోజున ఆ లెక్కను దాని పక్కన పెట్టి చూసుకోండి.