లేఆఫా, రిట్రెంచ్‌మెంటా? సంతకానికి ముందే తేల్చుకోండి

హైటెక్ సిటీలో ఓ కంపెనీ వందమందిని ఇంటికి పంపేస్తే లేఆఫ్ అంటున్నాం. పటాన్‌చెరులో ముడిసరుకు అందక ఫ్యాక్టరీ పదిరోజులు ఆగినా లేఆఫ్ అనే అంటున్నాం. మన కార్మిక చట్టం దృష్టిలో మాత్రం మొదటిది రిట్రెంచ్‌మెంట్, రెండోదే లేఆఫ్. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ తేడా, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. మీ చేతికి రావాల్సిన డబ్బు ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

లేఆఫ్: ఉద్యోగం ఉంది, పని లేదు

కరెంటు, బొగ్గు, ముడిసరుకు దొరక్కపోయినా, తయారైన సరుకు అమ్ముడవక పేరుకుపోయినా, యంత్రం పాడైనా, తుపాను లాంటిది వచ్చినా యాజమాన్యం కొన్నాళ్లు పని ఇవ్వలేకపోవచ్చు. అప్పుడూ మీ పేరు మస్టర్ రోల్‌లో ఉంటుంది. సీజన్‌లో మాత్రమే నడిచేవి కాకుండా, 50 మంది లేదా అంతకుమించి పనిచేసే ఫ్యాక్టరీలు, గనులు, తోటల్లో ఏడాది సర్వీసు నిండినవారికి ఆ రోజులకు బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో సగం ఇవ్వాలి.

ఇక్కడో జాగ్రత్త. పనివేళకు రోజుకోసారి వెళ్లి హాజరు వేయించుకోవాలి. ఎలాగూ పని లేదు కదా అని ఊరెళ్లిపోతే ఆ పరిహారం పోగొట్టుకున్నట్టే.

రిట్రెంచ్‌మెంట్: ఉద్యోగమే పోయింది

క్రమశిక్షణ చర్య కింద కాకుండా, మరో కారణంతో యాజమాన్యం కార్మికుణ్ని తొలగిస్తే అది రిట్రెంచ్‌మెంట్. స్వచ్ఛంద పదవీ విరమణ, రిటైర్మెంట్, కాంట్రాక్టు గడువు తీరడం దీని కిందకు రావు. ఏడాది నిరంతర సర్వీసు ఉన్నవారికి నెల ముందు కారణం చూపుతూ నోటీసు ఇవ్వాలి, లేదంటే నెల వేతనం చెల్లించాలి. దాంతోపాటు ఒక్కో ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. చివర్లో ఆరు నెలలు దాటితే దాన్నీ ఏడాదిగానే లెక్కేస్తారు.

చట్టం లెక్కలోకి తీసుకునే వేతనం నెలకు 30 వేలు, సర్వీసు 6 ఏళ్ల 8 నెలలు అనుకుందాం. ఏడేళ్లకు, ఏడాదికి 15 వేల చొప్పున 1,05,000 రూపాయలు. నోటీసు ఇవ్వకపోతే మరో 30 వేలు. గ్రాట్యుటీ, పీఎఫ్ వీటికి అదనం.

సాధారణంగా ఒకే రకం పని చేసేవారిలో ఆఖరున చేరినవారినే ముందు తీయాలి. అలా కాకపోతే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి.

ఇవి చట్టం కార్మికుడిగా గుర్తించేవారికి వర్తిస్తాయి. మేనేజర్లు రారు. అయితే కార్డు మీద హోదా ఏముందన్నది కాదు, మీరు నిజంగా చేసే పని ఏమిటన్నదే ముఖ్యం.

ఇలా చేయండి

• లేఆఫ్ అని చెప్పి రాజీనామా రాయమంటే వెంటనే రాయకండి. స్వచ్ఛందంగా మానేస్తున్నానని సంతకం పెడితే రిట్రెంచ్‌మెంట్ పరిహారం అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. ఆలోచించడానికి సమయం కావాలని ఈమెయిల్‌లో అడగండి.

• ఇది తాత్కాలికమా, తొలగింపా అన్నది కాగితం మీద తీసుకోండి.

• నియామక పత్రం, పేస్లిప్పులు, హాజరు వివరాలు సొంతంగా దాచుకోండి. ఉద్యోగం పోయిన రోజే ఆఫీసు లాగిన్ ఆగిపోవచ్చు.

• కంపెనీ ఇస్తానన్న ప్యాకేజీని చట్ట ప్రకారం రావాల్సిన మొత్తంతో పోల్చి చూడండి.

• తేడా ఉంటే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. ఫిర్యాదుకు గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు.

ఉద్యోగం పోయిందన్న దిగులులో తలవంచుకుని సంతకం పెట్టేసి బయటపడదామనిపిస్తుంది. దయచేసి ఆ ఒక్కరోజు ఆగండి. కాగితం ఇంటికి తెచ్చుకుని, తెలిసినవారితో చదివించి, లెక్క చూసుకున్నాకే సంతకం చేయండి. ఆ పరిహారం మీరు ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించుకున్న హక్కు.