ఇంటి పరిశీలన

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇతరులు కట్టిన ఇంటిని కొనడంలోనూ అంతకు తగ్గని చిక్కులున్నాయి. పాడి పశువును కొనేటప్పుడు పళ్ళు చూసి, నడిపించి, పాలు పితికి చూసే రైతు, జీవితకాలపు సంపాదనతో ఇల్లు కొనేటప్పుడు గోడల రంగు చూసి తృప్తిపడడం విచారకరం.

ఈ విషయంలో చట్టం ఏమంటున్నదో గమనించాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన ముఖ్యలోపాన్ని అమ్మేవారు వెల్లడించాలి. అయితే అది కొనేవారు సాధారణ శ్రద్ధతో కనిపెట్టలేని లోపమై ఉండాలి. అంటే కొంచెం శ్రద్ధతో బయటపడే లోపానికి కొనేవారిదే బాధ్యత. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం పరిధిలోకి వచ్చే నిర్మాణాలలో, ఇల్లు అప్పగించిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపాలు బయటపడితే బిల్డరు వాటిని సరిచేయాలి. పల్లెలో ఒక కుటుంబం తన కోసం కట్టుకొని, ఏళ్ళు గడిచాక అమ్మే ఇంటికి ఈ రక్షణ అందదు.

కపిలేశ్వరపురం గౌతమీ తీరాన వెలసిన గ్రామం. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరికి పెద్ద వరదలు వచ్చాయి. ఇటువంటి నదీతీర గ్రామంలో వరదనీరు ఎంత మట్టానికి చేరిందో, ఇంటి అరుగు అంతకన్నా ఎత్తుగా ఉందో లేదో ముందుగా విచారించాలి. బంకమన్ను తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. పునాది లోతు చాలకపోతే గోడలు బీటలువారుతాయి. సముద్రానికి చేరువైన కోనసీమ గ్రామాలలో ఉప్పుగాలికి ఇనుప చువ్వలు తుప్పుపడతాయి. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. ఈ గుర్తులను కొత్త సున్నం కొంతకాలం దాచగలదు. అందుకే నిపుణుని పరిశీలన అవసరం.

మన దేశంలో ఇంటి పరిశీలకులకు ప్రత్యేకమైన లైసెన్సు చట్టం లేదు. కనుక అర్హతను కొనేవారే విచారించుకోవాలి. సివిల్ ఇంజనీరింగు పట్టా, నిర్మాణ భద్రతలో అనుభవం, స్థానిక నేలల పరిచయం ఉన్నవారిని ఎంచుకోవాలి. బ్యాంకు పంపే వాల్యూయరు ప్రధానంగా ఇంటి విలువ కడతాడు. న్యాయవాది హక్కుపత్రాలను చూస్తాడు. వీరి పని ఇంటి దృఢత్వ పరీక్షకు బదులు కాదు. తాపీమేస్త్రి అనుభవం విలువైనదే కాని, భారాల లెక్కకు ఇంజనీరు కావాలి.

అర్హతతోపాటు నిష్పాక్షికత ముఖ్యం. అమ్మేవారో, మధ్యవర్తో చూపించిన పరిశీలకుని వెంటనే అంగీకరించరాదు. లోపాలు చూపి, ఆ మరమ్మతు పనినే తాను ఆశించేవాని మాటను మరొకరితో సరిచూసుకోవాలి. రుసుమును ముందే నిర్ణయించుకోవాలి. అది కొనుగోలు జరగడంపై ఆధారపడకూడదు. పరిశీలన సమయంలో కొనేవారు వెంట ఉండి, ఛాయాచిత్రాలతో కూడిన లిఖిత నివేదికను తీసుకోవాలి.

తన పరీక్షకు గల హద్దులను దాచకపోవడం మంచి పరిశీలకుని లక్షణం. కాంక్రీటు బలాన్ని అంచనా వేసే రీబౌండ్ హామర్ పరీక్షలో ఫలితం 25 శాతం వరకు అటూ ఇటూ కావచ్చునని భారతీయ ప్రమాణాలే తెలిపాయి. "ఈ పునాదిని నేను చూడలేకపోయాను" అని నివేదికలో వ్రాసేవానిని, "అంతా బాగుంది" అని తేల్చేవానికన్నా ఎక్కువగా నమ్మవచ్చు. అప్రియమైనా హితం పలికేవారు దుర్లభులని విదురుడు ధృతరాష్ట్రునికి బోధించాడు. ఒక కుటుంబం తలదాచుకొనే కప్పు విషయంలో అటువంటి హితవు వినడం ప్రాణరక్షణతో సమానం.

అర్థాలు
మట్టం = నీటి ఎత్తు
నిష్పాక్షికత = ఏ పక్షానికీ మొగ్గకపోవడం
దుర్లభుడు = సులభంగా దొరకనివాడు

ప్రశ్నలు
1. ఇల్లు కొనేవారి బాధ్యత గురించి చట్టం ఏమి చెబుతున్నది?
2. నదీతీర గ్రామాలలో ఇల్లు కొనేవారు గమనించవలసిన అంశాలను వివరించండి.
3. పరిశీలకుని నిష్పాక్షికతను ఎలా గుర్తించవచ్చు?