బాలనేరస్థులు – వివిధ న్యాయవ్యవస్థలు

మహాభారతము ఆదిపర్వమందలి మాండవ్యముని వృత్తాంతము మనలో పెక్కుమందికి తెలిసినదే. దొంగలు తన ఆశ్రమములో దాగియుండుటచే, మౌనవ్రతమందున్న ఆ మునిని కూడ దొంగయని భ్రమించి రాజభటులు కొఱ్ఱు వేసిరి. తరువాత ఆయన యమధర్మరాజును సమీపించి, ఏ పాపమునకు తనకీ శిక్ష కలిగినదని ప్రశ్నించెను. బాల్యములో తూనీగలను పుల్లకు గ్రుచ్చి బాధించిన దాని ఫలమని యముడు బదులు చెప్పెను. ముని కోపించి, యముని మనుష్యుడై పుట్టుమని శపించెను. విదురుడై జన్మించినది ఆ యముడే. పదునాలుగేండ్ల లోపు వారు చేసిన పనికి పాపము అంటరాదని కూడ ముని నాడే కట్టడి చేసెను.

ఈ కథలో గమనింపదగిన విషయమొకటి కలదు. మాండవ్యుడు తాను ఆ పని చేయలేదని వాదింపలేదు. చేసిన నాడు తన వయస్సెంత యని మాత్రమే అడిగెను. ఆ ప్రశ్న వేసికొనకుండ శిక్ష విధించినందుననే ధర్మరాజంతటివాడు దోషియయ్యెను. నేరమెంతటిది యని తూచుటకు ముందు నేరము చేసినవాని వయస్సెంత యని లెక్కింపవలెనన్న న్యాయసూత్రమే ఈ కథలోని సారము. ఈ సూత్రమును వివిధ న్యాయవ్యవస్థలు ఏ విధముగ పాటించినవో, మన దేశములో నేడది ఎచ్చట తడబడుచున్నదో ఈ వ్యాసములో పరిశీలింతము.

ప్రాచీన ధర్మశాస్త్రములు

రాజమార్గమును మలినపరచిన వానికి మనుస్మృతి జరిమానా విధించినది. కాని అట్టి పని చేసినవాడు బాలుడైనచో మందలించి, ఆ చోటును శుభ్రము చేయించి విడువవలెనని చెప్పినది. నారదస్మృతి ఎనిమిదేండ్ల లోపు శిశువును గర్భస్థశిశువుతో సమానముగ నెంచి, పదునారేండ్లు నిండువరకు బాల్యమేయని నిర్ణయించినది.

ఇస్లామీయ ధర్మశాస్త్రమైన ఫిఖ్‌హ్ ఈ విషయమును మరింత విపులముగ చర్చించినది. ఈడేరుటను, అనగా బులూగ్‌ను, అది బాధ్యతకు హద్దుగ గ్రహించినది. నిద్రించువాని, మతిలేనివాని, ఈడేరని బాలుని కర్మలు వ్రాయబడవను భావము హదీసులలో కలదు. మంచిచెడ్డల తారతమ్యము తెలియు ప్రాయము సామాన్యముగ ఏడేండ్లు. అప్పటినుండి ఈడేరువరకు బాలునికి హద్దు శిక్షలు గాని, ఖిసాస్ గాని వర్తింపవు. అతనిని దిద్దుటకై మందలింపు మాత్రమే ఉండును. అయినను పరులకు కలిగిన ఆస్తినష్టమును బాలుని సొత్తునుండి చెల్లింపవలెను. శరీరమున ఈడు లక్షణములు కానరానిచో ఏ వయస్సును హద్దుగ గ్రహింపవలెనను ప్రశ్నపై ఇమాము అబూ హనీఫా బాలురకు 18, బాలికలకు 17 సంవత్సరములని చెప్పగా, ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ ఉభయులకు 15 అని అభిప్రాయపడిరి. గురుశిష్యుల నడుమనే ఈ భేదముండుట చూడగా, గీత ఎచ్చట గీయవలెనను చర్చ నేటిది కాదని తెలియుచున్నది.

ఒకే ద్వీపము, రెండు పద్ధతులు

ఆంగ్లేయుల పూర్వన్యాయము ప్రకారము ఏడేండ్ల లోపు బాలుడు నేరము చేయజాలడు. ఏడునుండి పదునాలుగేండ్ల వరకు అతనికి తెలివి చాలదని న్యాయస్థానము ముందుగ భావించును. తెలిసియే చేసెనని ఋజువు చేయు భారము వాది పక్షముపై నుండును. 1908 సంవత్సరపు చట్టము బాలలకు ప్రత్యేక న్యాయస్థానములను ఏర్పరచినది. కనీస వయస్సు 1933లో 8కి, 1963లో 10కి పెరిగినది. కాని పది దాటినవారికి పూర్వమునుండి వచ్చుచున్న రక్షణ 1998 చట్టముతో తొలగిపోయినది. అంతకుముందు 1993లో పదేండ్ల ప్రాయమున హత్య చేసిన ఇద్దరు బాలురను పెద్దల న్యాయస్థానములో బహిరంగముగ విచారించిరి. బోనులో నిలిచినచో వారికి ఎదుటివారు కనబడరని దాని నేలను ఎత్తు చేసిరి. ఆ విచారణ న్యాయబద్ధముగ జరుగలేదని 1999లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఎత్తు చేసినంత మాత్రమున పదేండ్లవాడు పెద్దవాడు కాడు గదా!

ఆ ద్వీపమందే ఉత్తరభాగమైన స్కాట్లండు వేరొక మార్గము త్రొక్కినది. 1964లో వెలువడిన కిల్‌బ్రాండన్ నివేదిక, నేరము చేసిన పిల్లలును, ఆదరణ లేని పిల్లలును ఒకే విధమైన అవసరము గలవారని చెప్పినది. 1968లో వచ్చిన చట్టము ననుసరించి 1971నుండి అచ్చట బాలల విచారణ మండలులు పనిచేయుచున్నవి. ముగ్గురు సామాన్యపౌరులు బాలునితోను, అతని తలిదండ్రులతోను ఒకే బల్ల చుట్టు కూర్చుండి, ఆ బాలునికి ఏమి కావలెనో ఆలోచింతురు. అతిఘోరమైన నేరములు మాత్రము న్యాయస్థానమునకు పోవచ్చును. 2019 చట్టము నేరబాధ్యత వయస్సును అచ్చట 8నుండి 12కు పెంచినది.

అమెరికా, జర్మనీ

ప్రపంచములో పేరుగాంచిన తొలి బాలల న్యాయస్థానము 1899లో అమెరికా దేశపు చికాగో నగరములో వెలసినది. న్యాయమూర్తి తండ్రివలె వ్యవహరింపవలెనన్నది దాని ఆశయము. ఆశయము ఉన్నతమైనదే గాని, తండ్రివలె నున్నవాని యెదుట న్యాయవాది యెందులకని బాలుని హక్కులను విస్మరించిరి. అరిజోనా రాష్ట్రములో 1964లో పదునైదేండ్ల బాలుడొకడు టెలిఫోనులో అసభ్యముగ మాట్లాడెనను ఆరోపణపై పట్టుబడెను. న్యాయవాది లేడు, ఫిర్యాదు చేసిన స్త్రీని న్యాయస్థానమునకు పిలువలేదు. ఇరువదియొక్క యేండ్లు నిండువరకు శిక్షణాలయములో నుంచవచ్చునని ఉత్తరువైనది. అదే పని పెద్దవాడు చేసినచో గరిష్ఠముగ ఏబది డాలర్ల జరిమానా, లేదా రెండు నెలల జైలు! 1967లో అమెరికా సుప్రీంకోర్టు ఈ ఉత్తరువును త్రోసివేసి, బాలునికి న్యాయవాదిని పొందు హక్కును, ఆరోపణ యేమో ముందుగ తెలిసికొను హక్కును ఉన్నవని ప్రకటించినది. దయ హక్కుకు బదులు కాజాలదని ఆ తీర్పు నేర్పినది. పదునెనిమిదేండ్ల లోపు చేసిన నేరమునకు మరణశిక్ష విధింపరాదని ఆ న్యాయస్థానమే 2005లో నిర్ణయించినది.

జర్మనీలో 1923 చట్టము కనీస వయస్సును 12నుండి 14కు పెంచినది. పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్ల లోపు వారికి బాలల చట్టమే వర్తించును. శిక్షకంటె విద్యాబుద్ధులు నేర్పుటయే దాని ప్రధాన లక్ష్యము. పదునెనిమిది నిండినవారిని కూడ, ఇరువదియొకటి నిండువరకు, వారి మనఃపరిపక్వతను బట్టి బాలల చట్టము క్రింద విచారించుటకు వీలున్నది. అమెరికాలో పలు రాష్ట్రములు బాలుని పెద్దల కోర్టుకు పంపుటకు దారులు తెరచియుంచగా, జర్మనీ యువకుని సయితము బాలల కోర్టుకు తెచ్చుటకు దారి తెరచినది.

మన దేశము

1860 నాటి భారత శిక్షాస్మృతి ఏడేండ్ల లోపు బాలుని నేరబాధ్యతనుండి తప్పించినది. ఏడునుండి పన్నెండేండ్ల నడుమ, చేసిన పని స్వభావము తెలియదగిన పరిపక్వత లేనిచో అది నేరము కాదన్నది. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత కూడ ఈ హద్దులనే ఉంచినది. కనీస వయస్సు పదునాలుగైనను ఉండవలెనని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల సంఘము 2019లో సూచించియున్నది. మాండవ్యుని లెక్కయు అదియే యగుట విశేషము.

ప్రత్యేక చట్టములలో మొదటిది 1920 నాటి మద్రాసు బాలల చట్టము. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రములోనివే. 1986లో దేశమంతటికి వర్తించు చట్టము వచ్చినది. బాలురకు 16గా నున్న హద్దును 2000 సంవత్సరపు చట్టము 18 చేసినది. 2012లో ఢిల్లీలో జరిగిన ఘోరకృత్యములో నిందితులలో ఒకడు పదునెనిమిదేండ్ల లోపు వాడగుటచే దేశమంతట ఆగ్రహము పెల్లుబికినది. దాని ఫలితముగ 2015 చట్టము వచ్చినది. పదునారునుండి పదునెనిమిదేండ్ల లోపు వారు ఘోరనేరము చేసిరను ఆరోపణ యున్నచో, వారి మానసిక పరిపక్వతను ముందుగ పరీక్షించి, పెద్దలవలె విచారించుటకు అది వీలు కల్పించినది. అయినను మరణశిక్షను, విడుదలకు ఆస్కారము లేని యావజ్జీవశిక్షను నిషేధించినది. తక్కిన వారిని ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు గల బాలల న్యాయమండలి విచారించును. ప్రత్యేక గృహములో మూడేండ్లకు మించి ఉంచరాదు. బాలుని పోలీసు లాకప్పులో గాని, జైలులో గాని పెట్టరాదు. అతని పేరు పత్రికలలో ప్రకటింపరాదు.

కాగితముపై లేని వయస్సు

చట్టము ఇంత చక్కగ గీత గీసినది. కాని ఆ గీతకు ఇవతల నున్నట్లు ఋజువు చేసికొనలేని బాలుని గతి యేమి? 1994లో పుణెలో జరిగిన హత్యల కేసులో ఒక ముద్దాయికి 1998లో మరణశిక్ష పడినది. సుప్రీంకోర్టు కూడ దానిని ఖాయపరచినది. ఇరువదియెనిమిది సంవత్సరములకు పైగా అతడు జైలులో గడపిన పిమ్మట, రాజస్థానులోని అతని బడి రిజిష్టరు వెలుగులోనికి వచ్చినది. నేరము నాటికి అతని వయస్సు పన్నెండేండ్ల ఆరు నెలలు! 2023 మార్చిలో సుప్రీంకోర్టు అతనిని విడుదల చేసినది. మూడేండ్లు మించరాని నిర్బంధము ఇరువదియెనిమిదేండ్లు దాటినది. బడి రిజిష్టరులోని ఒక్క పంక్తి అతని ప్రాణమును నిలిపినది. ఆ పంక్తి ఆనాడే న్యాయస్థానమునకు అందియున్నచో అతని యౌవనము కూడ నిలిచియుండెడిది.

2015 చట్టము ప్రకారము వయస్సునకు మొదటి సాక్ష్యము బడి ఇచ్చిన జన్మదిన పత్రము, లేదా మెట్రిక్యులేషన్ పత్రము. అవి లేనిచో మునిసిపాలిటీ లేక పంచాయతి ఇచ్చిన జనన పత్రము. ఏదియు లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష వయస్సును ఉజ్జాయింపుగ మాత్రమే చెప్పగలదు. పదునేడో, పంతొమ్మిదో తేలని చోట బాలుని భవిష్యత్తు ఉజ్జాయింపుపై ఆధారపడుచున్నది. మన బస్తీలలో తల్లి చెప్పిన రంజాను నెల, లేదా వరదలు వచ్చిన సంవత్సరము గుర్తుగ, బడిలో చేర్చుకొను ఉపాధ్యాయుడు తోచిన తేదీ వేయుట మనమెరిగినదే. ప్రవేశము సుళువగుటకై వయస్సు ఒకటి రెండేండ్లు పెంచి వ్రాయించుటయు కలదు. ఆనాడు ఎవరికిని కీడు కనబడదు. పిల్లవాడు పోలీసుల చేత చిక్కిన నాడు ఆ పెంచిన రెండేండ్లే అతనిని గీతకు అవతల నిలబెట్టును.

కావున సోదర విద్యార్థులకు, కళాశాల పాలకవర్గమువారికి మా మనవి యొక్కటే. సేవాశిబిరములకై బస్తీలకు వెళ్ళునపుడు ప్రతి యింటను పిల్లల జనన పత్రమున్నదా యని విచారింతము. లేనిచో ఆలస్యముగ నైనను నమోదు చేయించుటకు చట్టములో మార్గమున్నది. దరఖాస్తు ఉర్దూలో, తెలుగులో చదివి చెప్పి, వ్రాసి పెట్టగల చేతులు మన కళాశాలలో చాలినన్ని కలవు. నీ వయస్సెంత యని అడిగిన నాడు ఆ బాలుని వద్ద జవాబు ఉండవలెను. మాండవ్యుడు ఋషి గనుక యముని యెదుట నిలిచి వాదింపగలిగెను. మన బస్తీ పిల్లవానికి ఆ శక్తి లేదు; అతని పక్షమున వాదింపవలసినది ఒక్క కాగితమే.