పంచాయతీ వెబ్‌సైటుకు పటములను ఎన్నుకొనుట

గ్రామ పంచాయతీ చేసిన పనిని నేడు గ్రామస్థులు కార్యాలయపు గోడమీదనే గాక, చేతిలోని ఫోనునందు కూడ చూచుచున్నారు. దుబాయిలో కూలి చేయుచున్న కుమారుడు తన యూరి చెరువుకట్ట బాగుపడినదో లేదో అందలి పటమును చూచియే తెలిసికొనును. ఆ పటము వేరొక యూరిదని తెలిసిన నాడు, పక్కన వ్రాసిన లెక్కలను కూడ ఎవరును నమ్మరు.

ఈ పటముల విద్యలో ఆరితేరినవారు సినిమావారు. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన హైదరాబాదు కొండలలోనే, జూబ్లీ హిల్స్‌ను ఆనుకొని, ఫిలింనగర్ వెలసినది. రామానాయుడు స్టూడియో, తెలుగు ఫిలిం చాంబరు కార్యాలయము అచ్చటనే కలవు. చిత్రీకరణ జరుగునపుడు స్టిల్ ఫోటోగ్రాఫరు వందలకొలది పటములు తీయును. వానిలో పోస్టరుకెక్కునవి కొన్నియే. బస్సులో పోవువాడు ఒక్క చూపులో గ్రహింపవలెను గనుక, పోస్టరుమీద ఒకటి రెండు ముఖములే పెద్దవిగా నుండును.

మన పంచాయతీలలో జరుగునది దీనికి విరుద్ధము. కొళాయి ప్రారంభోత్సవపు పటమున పూలదండలతో పదునైదుగురు వరుసగా నిలుచుందురు. కొళాయి తప్ప అందరును కనబడుదురు! బిందె నింపుకొనుచున్న ఒక గృహిణి పటము చాలును. పెద్దలు నొచ్చుకొందురని సభ్యులు జంకవచ్చును గాని, ఫోను తెర అరచేయి యంతయే గదా.

సినిమావారివద్ద నేర్వవలసినది మరియొకటి కలదు. నేడు సగము తీసిన సన్నివేశమును నెల దినముల తరువాత పూర్తిచేయవలసి వచ్చినచో, నటుని చొక్కా, వస్తువుల స్థానము తప్పకుండుటకై ముందే పటములు తీసి యుంచుకొందురు. దీనిని వారు కంటిన్యుటీ యందురు. రోడ్డు పనికిని ఇదియే పద్ధతి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖవారు రూపొందించిన ఎమ్‌యాక్షన్‌సాఫ్ట్‌లో పని ఆరంభమునకు ముందు, జరుగుచుండగా, ముగిసిన పిదప అని మూడు దశలలో పటములు తీయు ఏర్పాటున్నది. ఆ మూడును ఒకే చోట నిలిచి, అదే వేపచెట్టో విద్యుత్ స్తంభమో ప్రతి పటమునను కనబడునట్లు తీసినచో, చూచువానికి సందేహముండదు. క్లాప్ బోర్డువలె, పని పేరు, తేదీ వ్రాసిన పలకను ఒక మూల నుంచుట మేలు. నిరుటి పటమును ఈ యేటి పనికి అతికించుటయు, కృత్రిమ మేధచే లేని రోడ్డును కల్పించుటయు ప్రజలను మోసగించుటయే. చేతి పొరపాటని చెప్పుకొనుటకు వీలులేదు.

పిదప పటమును సిద్ధపరచుట. ఫోను తీసిన పటము నాలుగు మెగాబైట్ల వరకు నుండవచ్చును. అట్టివి పది పెట్టినచో నలుబది మెగాబైట్లు. సెకనుకు ఒక మెగాబిట్ వేగముండు పల్లెలో అవి తెరచుకొనుటకు అయిదు నిమిషములకు పైగా పట్టును. వెడల్పును 1200 పిక్సెళ్లకు కుదించి, ఒక్కొక్కటి 200 కిలోబైట్లకు తగ్గించినచో పదియును పదునారు సెకన్లలో వచ్చును. ఎత్తును వెడల్పును ఒకే పాళ్లలో తగ్గింపవలెను. లేనిచో సర్పంచిగారు సాగదీసినట్లు కనబడుదురు.

ఫోను తీసిన పటములో ఆ చోటి అక్షాంశ రేఖాంశములు దాగి యుండవచ్చును. చెరువుకట్టకది సాక్ష్యము, ఒంటరిగా నుండు పింఛను వృద్ధురాలి యింటికది ప్రమాదము. అట్టి వివరమును తొలగించి, ఆమె సమ్మతి పొంది, ఆధార్ కార్డు కనబడకుండ జూచి మరీ ప్రకటింపవలెను. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపును వెల్లడించుటను 2015 నాటి బాలల న్యాయ చట్టము నిషేధించినది. స్వచ్ఛతా ప్రచారమునకు అభిమాన నటుని సినిమా బొమ్మను పెట్టవలెనని యువకులు కోరుట కద్దు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము సినిమాలోని ఒక్క దృశ్యపు పటముపైనను నిర్మాతకు హక్కు కలదు గనుక, అనుమతి లేక వాడరాదు.

చూపులేని గ్రామస్థుని ఫోను పటమును చూపలేదు గాని, దాని వెనుక మనము వ్రాసిన వాక్యమును చదివి వినిపించును. అచ్చట “ఫోటో 3” అని వ్రాసిన నేమి ఫలము? “ఎస్సీ కాలనీలో క్రొత్త కొళాయివద్ద బిందె నింపుకొనుచున్న స్త్రీ” అని వ్రాయవలెను.

కుదింపని అసలు పటములను మాత్రము కార్యదర్శివద్ద, పని పేరుతోను తేదీతోను, వేరుగా భద్రపరచవలెను. తనిఖీకి వచ్చినవారికి చూపవలసినవి అవియే.