వియ్యపురాలితో మాట్లాడటానికి పోలిష్

బదిలీల పుణ్యమా అని బ్యాంకు కుటుంబాలకు భాషలు కొత్త కాదు. మావారి ఉద్యోగం వల్ల నాగపూర్‌లో మరాఠీ, కోయంబత్తూరులో తమిళం, ఇక్కడ ఇందిరాపురంలో హిందీ నాకు కూరగాయల బండి దగ్గరే వచ్చేశాయి. పోలిష్ అలా వచ్చేది కాదు. మా అమ్మాయి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరంలో ఉద్యోగం చేస్తోంది, అల్లుడు అక్కడివాడే. నవంబరులో అమ్మాయికి పురుడు. నేను వెళ్ళి మూడు నెలలు ఉండాలి. పగలు ఆ ఇంట్లో బాలింత, పసిబిడ్డ కాక నేనూ, అల్లుడి తల్లీ ఉంటాం. ఆవిడ బడిలో నేర్చుకున్న పరాయి భాష రష్యన్, ఇంగ్లీషు రాదు. బాలింతకు ఏం పెట్టాలి, బిడ్డకు ఎప్పుడు నీళ్ళు పోయాలి అన్నవి నూనె చేతులతో ఫోన్‌లో అనువాదం చేయించుకుని చెప్పుకునే మాటలు కావు కదా. అందుకని జనవరి నుంచి రోజూ పొద్దున్న ఒక గంట పోలిష్‌కు కేటాయించాను.

నాకు దొరికిన పాఠాలన్నీ ఇంగ్లీషు ద్వారా నేర్పేవే. డ్యువోలింగో ఉచితంగా దొరుకుతుంది. రోజూ కూర్చునే అలవాటు చేస్తుంది గానీ వ్యాకరణం విడమరిచి చెప్పదు. ఆ లోటు అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పోలిష్ బోధించిన ఆస్కార్ స్వాన్ వ్యాకరణంతో తీరింది. అది కూడా ఇంటర్నెట్‌లో ఉచితమే. చెవికి అలవాటు కావడానికి ‘ఈజీ పోలిష్’ వీడియోలు చూస్తాను. వీధిలో వెళ్ళేవాళ్ళను ఆపి మాట్లాడిస్తారు, కింద పోలిష్, ఇంగ్లీషు రెండూ పడతాయి. తరగతికి వెళ్ళగలిగిన పిల్లలకైతే ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పోలిష్ కోర్సులున్నాయి.

ఈ పాఠాలు ఇంగ్లీషువాళ్ళను భయపెట్టే చాలా చోట్ల మనం భయపడనక్కరలేదు. ఇదే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. పోలిష్‌లో స, శ, ష మూడూ వేరు. ఉత్త ఎస్ అయితే స. దాని మీద చిన్న గీత ఉంటే శ. పక్కన జెడ్ రాస్తే ష. ఇంగ్లీషు పాఠం చివరి రెండింటికీ ఒకే ధ్వని చెప్పి, ‘ఒకటి కాస్త మెత్తన’ అని వదిలేస్తుంది. తాలవ్యం, మూర్ధన్యం అని చిన్నప్పుడు వల్లించినవాళ్ళకు నాలుక ఎక్కడ పెట్టాలో తెలుసు. చాప అనేటప్పటి చ వాళ్ళకు ఉత్త సి, చీమ అనేటప్పటి చ అయితే సి మీద గీత.

ఇక ఏ, ఈ అక్షరాల కింద కొన్నిచోట్ల చిన్న తోక ఉంటుంది. దాన్ని సున్న అనుకోండి. మన సున్న కంబళిలో మకారం, పంచలో ఞకారం అయినట్టే ఆ తోకా పక్క హల్లును బట్టి మారుతుంది. పన్నును ‘జోంప్’ అంటారు, అయిదును ‘ప్యెంచ్’ అంటారు. ఈ రెండోది మన పంచకు దూరపు చుట్టమే.

మనకు ఇబ్బంది వ దగ్గర. పై పళ్ళు కింది పెదవికి తగిలే వ ఒకటి, పెదవులు గుండ్రంగా చుట్టి పలికే వ ఇంకొకటి. రెండోదాన్ని ఎల్‌కు అడ్డగీత కొట్టి రాస్తారు. వ్రోత్స్వాఫ్‌లో మొదట ఒక రకం, మధ్యలో రెండో రకం, చివర మళ్ళీ మొదటిదే ఫగా మారి వస్తాయి. ఆ ఒక్క పేరు పలకడానికే నాకు వారం పట్టింది.

విభక్తులు ఏడు. ఉప్పు ఉంటే ‘సుల్’, లేకపోతే ‘సోలి’. లేదు అన్నప్పుడు మాట రూపం మారాలి. ఇది కంఠతా పట్టాల్సిందే. కానీ విభక్తి చేరేటప్పుడు మాట మొదలే మారడం మనకు తెలిసినదే. చెయ్యి, చేతిలో అంటాం. వాళ్ళు చెయ్యిని ‘రెంకా’ అని, చేతిలో అనడానికి ‘వ్ రెంత్సె’ అంటారు. ఔపవిభక్తికాలు చదివిన రోజులు గుర్తొచ్చాయి.

బహువచనంలో మగవాళ్ళు వచ్చారు అనడానికి ఒక క్రియారూపం, ఆడవాళ్ళు, పిల్లలు, ఆవులు, కుర్చీలు అన్నిటికీ కలిపి మరొకటి. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అనే మనకు ఇదేమీ వింత కాదు. ఆ పాపం మన వ్యాకరణం ఒక్కదానిదే కాదన్నమాట!

మర్యాద కూడా మన పద్ధతిలోనే ఉంది. ఆవిడను కాఫీ తాగుతారా అని అడగాలంటే ‘చి పాని పీయె కావె’ అనాలి. మాటకు మాట చెబితే ‘అమ్మగారు కాఫీ తాగుతారా?’ అని ఎదురుగా ఉన్న అమ్మగారినే అడగడం. ఆవిడ చెప్పేదాకా చనువైన ‘నువ్వు’ వాడకూడదు. నా మటుకు నేను మనసులో ‘వదినగారూ’ అనుకుని పాని అంటున్నాను.

ఇప్పుడు బిడ్డ సంగతులకు కావలసిన మాటలు పోగుచేస్తున్నాను. అక్కడ చలికాలంలో పుట్టిన బిడ్డను షికారుకు తీసుకెళ్ళే ముందు, బాగా కప్పి తెరిచిన కిటికీ దగ్గరో బాల్కనీలోనో కొద్ది నిమిషాలు ఉంచి, రోజూ కాస్త పెంచుకుంటూ పోతారట. దీనికి వాళ్ళ పేరు ‘వెరందోవాన్యె’. అందులో ఉన్నది మనకు తెలిసిన వరండాయే. చెవులకు గుడ్డ కట్టి, సాంబ్రాణి పొగ వేసే ఇంట్లో పెరిగినదాన్ని, వద్దు అనడం ఎలాగో ముందే నేర్చుకున్నాను. అమ్మాయి మాత్రం వద్దనకు, బేరమాడు అంది. టోపీని ‘చాప్కా’ అంటారు. ‘నె జెశెంచ్, ప్యెంచ్ మినుత్’ అంటే పది కాదు, అయిదు నిమిషాలు.