చిన్న పడవల మరమ్మతు – వానిని మోయు బండ్ల సంరక్షణ

రోలుగుంట ప్రాంతపు రైతునకు నాగలిని, బండిని బాగుచేయించుకొనుట క్రొత్త కాదు. పడవ సంగతి అట్లు కాదు. కల్యాణపులోవ, తాండవ జలాశయములలోను, మన పెద్ద చెరువులలోను చేపలు పట్టుటకును, గుఱ్ఱపుడెక్క తీయుటకును చిన్న కొయ్యపడవ యొకటి మిక్కిలి యుపయోగపడును. కాని పదిమంది కలిసి కొన్న పడవను కనిపెట్టి చూచువాడు తఱచుగా ఒక్కడును ఉండడు. పాతబడినదని తోచినపుడు పైని రంగు పూసి నీటిలోనికి త్రోయుదురు. పడవకు చేటు అచ్చటనే ఆరంభమగును.

ఈ తప్పు మేమును చేసితిమి. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, తొలకరి వచ్చునను తొందరతో, ఒక చెరువు పడవకు తారు పూయించితిమి. పైకి నిగనిగలాడినది గాని లోపలి పలక తడిగానే యుండెను. మఱుసటి యేడు అందులో నిలిచిన ఒకని పాదము పలకను చీల్చుకొని దిగిపోయెను. గట్టు దగ్గఱగా నుండుటచే పడవలోని యిద్దరును బయటపడిరి. నడిచెరువైనచో ఏమగునో చెప్ప నక్కఱలేదు. నాటినుండి మేము అందఱకు చెప్పునది యొక్కటే: ముందు ఆరబెట్టుడు, పిదప కుళ్లు తీయుడు, రంగు కడపటి పని.

కుళ్లు ఏల కలుగును?

కొయ్యను కుళ్లించునది బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి. కొయ్యలోని తేమ నూటికి ఇరువదిపాళ్లకు లోబడి యున్నంతవఱకు అది పెరుగజాలదు. ఉప్పునీటిలో కొయ్యను తొలుచు పురుగు కలదు. మన చెరువుల మంచినీటిలో ఆ పురుగు లేదు గాని కుళ్లు హెచ్చు. అందును పడవలో నిలిచిన వాననీరు మఱింత చెఱుపు చేయును.

పరీక్షయు, ఆరబెట్టుటయు

పడవను బోర్లించి, సన్నని కత్తిమొనతో అతుకుల వెంబడి, మేకుల చుట్టును, అడుగు దూలము ప్రక్కలను గ్రుచ్చి చూడవలెను. మొన సులభముగా దిగిన చోట కుళ్లు కలదు. సుత్తితో తట్టినపుడు గట్టి కొయ్య ఖంగుమనును, కుళ్లినది మొద్దుగా పలుకును.

పాత రంగును తడిపి గీకవలెను గాని పొడిగా రాచి ధూళి లేపరాదు. పూర్వపు రంగులలో సీసము కలిసియుండవచ్చును, అది విషము. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో భారత ప్రభుత్వము నియమము చేసినది. మన పాత పడవల రంగు అంతకు ముందటిది కావచ్చును.

పిదప పడవను గాలి యాడు పాకలో నీడన ఉంచవలెను. మండుటెండలో పెట్టినచో పలకలు పగులును. ఆరినదో లేదో తెలియుటకు సులభోపాయము కలదు. పడవతోపాటు అంతే తడిసిన అదే జాతి కొయ్యముక్కను ప్రక్కన నుంచి వారమున కొకసారి తూచుడు. వరుసగా రెండుమార్లు బరువు తగ్గకున్నచో పని ఆరంభింపవచ్చును.

కొయ్య మార్చుట, అతుకులు నింపుట

కంటికి కనబడు కుళ్లుతో ఆగక, దానికి ఆవల గట్టి కొయ్యలోనికి జానెడు మేర కోసి తీయవలెను. క్రొత్త పలకకు టేకు, వేగిస మంచివి. అతుకు ఏటవాలుగా నుండవలెను. అంగుళము మందపు పలకకు ఎనిమిది అంగుళముల పొడవైన వాలు చాలును. రాగి మేకులున్న పడవలో ఇనుప మేకులు కలుపరాదు, తడిలో ఇనుము త్వరగా తినివేయబడును.

మేకులే లేని పడవలును మన తీరమున నుండెను. పెద్ద అలలను దాటుటకై కోరమండల తీరపు జాలరులు వాడిన మసూలా పడవ పలకలను కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. అల తాకిడికి అది విఱుగక వంగెడిది. పడవకు బిగువు ఎంత కావలెనో, కొంత సడలింపును అంతే కావలెను. కాన అతుకులలో జనపనారను మితముగా కూర్చుడు. కొయ్య నీటిలో ఉబ్బును. మితిమీరి కూరినచో పలకలే మేకులను పెఱికివేయును. నారపై గుగ్గిలమును నూనెతో కరగించి పోయవలెను. ఈ పని ఆరుబయట, ప్రక్కన ఇసుక నుంచుకొని చేయవలెను. అంటుకొన్నచో నీరు చల్లరాదు.

నూనెయు, రంగును

ఆరిన కొయ్యకు అవిసె నూనెను పలుచగా రెండు మూడు పూతలు, ఒకటి ఆరిన పిదప మఱియొకటి, పూయవలెను. నూనె గుడ్డలను కుప్పవేయకుడు. అవి తమంత తామే వేడెక్కి మండును. నీట తడిపి విడివిడిగా ఆరవేయుడు. జీడితొక్కల నూనెయు మంచిదే గాని చర్మమును పొక్కించును, చేతులకు తొడుగు లేక ముట్టరాదు. వెలుపల తారో రంగో వేసి, లోపల నూనెతో విడిచినచో తేమ బయటికి పోవుటకు త్రోవ యుండును.

బండి సంగతి

పడవను రెండు కొనలపై మాత్రమే ఆనించి మోసినచో నడుము వంగి అతుకులు విచ్చును. అడ్డకొయ్యలు మూడుచోట్ల వేసి, గడ్డి నింపిన గోనెలు పఱచి, అడుగు దూలమును వానిపై ఆనింపవలెను. ఎడ్లబండిలో బరువు వెనుకకు పోయినచో కాడి పైకి లేచి త్రాళ్లు ఎడ్ల కంఠమును నొక్కును. ముందుకు పోయినచో మెడలు పుండుపడును.

ట్రాక్టరు తొట్టిలో తెచ్చినచో వెంటనే చక్రములను నీటిలో దింపకుడు. దూరము నడిచిన చక్రపు నడుము వేడెక్కి యుండును. నీరు తగులగనే లోపలి గాలి ముడుచుకొని నీటిని పీల్చును. గ్రీజు చెడి బేరింగులు త్రుప్పుపట్టును. చల్లారిన పిదపనే దింపి, ఇంటికి చేరగానే కడిగి క్రొత్త గ్రీజు పెట్టవలెను.

కడపట ఒక మనవి. బాగుచేసిన పడవను తొలినాడు మోకాలిలోతు నీటిలోనే యుంచుడు. పలకలు ఉబ్బి చిన్న ఊటలు మూసికొనును. మఱునాడును నీరు ఊరినచో ఎవరిని ఎక్కనీయకుడు. సంఘపు పడవకు ఒక పుస్తకము పెట్టి, పరీక్షించిన తేదీని, చూచినవాని సంతకమును అందు వ్రాయించుడు. అందఱి సొత్తును చూచుటకు ఒకడైనను పేరుపెట్టి నియమింపబడవలెను.